గృహిణీ విజ్ఞానము: టెలివిజను రికార్డరు నెన్నుకొనుట

గుంటూరినుండి యొక సోదరి యీ శీర్షికకు వ్రాసిన లేఖలో నిట్లు ప్రశ్నించినది: "సాయంకాలము ఆఱున్నర మొదలు పదిగంటలవఱకు టెలివిజనులో వచ్చునవి మా యింట నందఱును చూతురు, నేను తప్ప. ఆ వేళ నేను వంటయింట నుందును. చేత గరిటెతో గుమ్మముకడ నిలిచి సగము మాటలు విని, తక్కిన సగము మా అత్తగారి నడిగి తెలిసికొనుచుందును. కార్యక్రమములను పట్టియుంచు పెట్టె యొకటి కొనుటకు మావా రొప్పుకొనిరి. ఏ కంపెనీది మంచిది?"

ఇట్లు గుమ్మముకడ నిలిచి కథ వినువారు మనలో నెందఱో కలరు. ఇంటిల్లిపాదికి వడ్డింపవలసిన వేళయు, టెలివిజనువారు తమ మంచి కార్యక్రమములను ప్రసారము చేయు వేళయు నొక్కటియే యగుటచేత, ఆ వినోదము గృహిణికి పూర్తిగా దక్కుట యరుదు. కావున నీ సోదరి కోరిక విలాసమని నే ననను. కాని కంపెనీ పేరుతో ప్రారంభించుట సరికాదు. ముందుగా తేల్చుకొనవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. మీరు పట్టియుంచినదానిని రేపు చూచి తుడిచివేయుదురా, లేక పదియేండ్లు దాచుకొన దలచితిరా? ఈ రెండును పైకి నొక్క పనిగానే కనుపించును. మొదటిదానికి నేటి రికార్డరులు చక్కగా నుపయోగపడును. రెండవదానికి వానిలో పెక్కు నమ్మదగినవి కావు. దుకాణమువారు ఈ భేదమును తమంతట తాము చెప్పుట నే నెన్నడు వినలేదు.

క్యాసెట్ల కాలమును చూచినవారికి నా మాట వింతగా తోచవచ్చును. సోనీవారి బీటామాక్సు 1975లోను, జేవీసీవారి వీహెచ్ఎస్ 1976లోను జపానున వెలువడినవి. ఇట్టి యంత్రములపై అమెరికాలోని చలనచిత్ర సంస్థలు న్యాయస్థానమున కెక్కగా, 1984 జనవరి 17వ తేదీన ఆ దేశపు సుప్రీముకోర్టు, అయిదుగురు న్యాయమూర్తు లొక వైపునను నలుగురు మఱియొక వైపునను నుండగా, ఇంటివారు తమకు వీలైన వేళ చూచుకొనుటకై ప్రసారమును పట్టియుంచుట తప్పు కాదని తీర్పు చెప్పినది. పిల్లల కార్యక్రమములు నడిపిన ఫ్రెడ్ రోజర్స్ గారు ఆ వ్యాజ్యమున సాక్ష్యమిచ్చుచు, కుటుంబములవారు తన కార్యక్రమమును పట్టియుంచి వీలైన వేళ కలసి చూచుట మేలేయని చెప్పిరి. మన దేశమునను 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టములోని 39వ సెక్షను, సొంత వినియోగమునకై ప్రసారమును రికార్డు చేసికొనుటను ప్రసారసంస్థ హక్కులకు భంగముగా నెంచదు. దానిని అమ్ముకొనుటయు ఊరికి పంచుటయు వేఱు మాట. కావున మీరు చేయబోవు పనిలో దొంగతన మేమియు లేదని మొదట ధైర్యము చెప్పుచున్నాను.

1999లో అమెరికాలో టీవో, రీప్లే టీవీ యను పెట్టెలు వెలువడి, టేపునకు బదులు కంప్యూటరులో నుండు హార్డుడిస్కును వాడుకలోనికి తెచ్చినవి. మన దేశమున 2008లో టాటా స్కైవారు (2022నుండి వీరి పేరు టాటా ప్లే) అట్టి పెట్టె నమ్మసాగిరి. తక్కిన డిష్షు కంపెనీలును ఆ త్రోవనే పట్టినవి. హైదరాబాదు, విశాఖపట్టణములలో కేబులు ప్రసారములు డిజిటలు పద్ధతికి మారుటకు 2013 మార్చి 31వ తేదీని ప్రభుత్వము గడువుగా పెట్టెను. దానితో ప్రతి టెలివిజను ప్రక్కను ఒక పెట్టె తప్పనిసరి యయ్యెను; పాత క్యాసెట్టు యంత్రమునకు తనంతట తాను చానలు మార్చి పట్టుకొను శక్తి పోయెను. టేపుపై బొమ్మ మసకగా నున్నను, ఆ టేపు మనది. చెల్లెలి కీయవచ్చును, బీరువాలో దాచవచ్చును. కొత్త పెట్టెలో బొమ్మ అద్దమువలె నుండును. అది మనదా కాదా యనునదే సందేహము. ఈ విషయమునకు మరల వచ్చెదను.

అసలు మీకు రికార్డరు కావలయునా? దినదినము వచ్చు ధారావాహికలు చాలవఱకు నిప్పుడు ఇంటర్నెట్టులో దొరకుచున్నవి. ఈటీవీవారివి ఈటీవీ విన్‌లోను, జీ తెలుగువారివి జీ5లోను, జెమినివారివి సన్ నెక్స్ట్‌లోను, స్టార్ మావారివి జియో హాట్‌స్టార్‌లోను చూడవచ్చును. ఇంటిలో ఇంటర్నెట్టు చక్కగా నుండి, మీరు కోరునవి ఆ కథలే యైనచో, పెట్టె కొనుట దండుగ. కాని యీ నాలుగింటికి వేర్వేఱుగా చందాలు కట్టవలసి వచ్చునేమో లెక్క చూచుకొనుడు. ఇంటర్నెట్టు నిలుకడగా రాని పల్లెలలోను, సెల్‌ఫోనులో వెదకి తీయుట పెద్దవారికి చేతగాని యిండ్లలోను, దూరదర్శను యాదగిరి, సప్తగిరులవంటి చానళ్ల కార్యక్రమములను, ప్రత్యక్ష ప్రసారములను ఇష్టపడువారికిని రికార్డరే మేలు. అత్తగారు రిమోటుపై ఒక్క మీట నొక్కి నిన్నటి కథ చూడగలిగినచో, ఇంటిలో ఒకరికొక రుపకారము చేసికొన్నట్లే.

రికార్డరులో ముఖ్యాంగములు రెండు. ప్రసారమును పట్టునది ట్యూనరు; పట్టినదానిని దాచునది హార్డుడిస్కు. దుకాణమువారు డిస్కు పరిమాణమును గుఱించియే గొప్పగా చెప్పుదురు. మన యిండ్లలో తగవులు తెచ్చునది మాత్రము ట్యూనరుల సంఖ్య.

ఒక ట్యూనరు సాధారణముగా ఒక వేళ నొక చానలునే పట్టును. ఒక్క ట్యూనరే యున్న పెట్టెలో ఏడున్నరకు మీ ధారావాహిక రికార్డగుచుండగా మామగారు వార్తలు చూడగోరినచో, పెట్టె చానలు మార్చ నిరాకరించును. లేదా మార్చి మీ రికార్డింగును ఆపివేయును. రెండును గృహశాంతికి మంచివి కావు. రెండు ట్యూనరు లున్నచో ఒకటి రికార్డు చేయుచుండగా మఱియొకటి చూడవచ్చును. నలుగురైదుగురున్న ఇంటికి ఇది కనీసము. క్రికెట్టు పిచ్చిగల కుఱ్ఱవాండ్రున్న యింటికి మూడున్నను ఎక్కువ కాదు.

ఇచ్చట నొక చిక్కు కలదు. రెండు ట్యూనరులు పనిచేయుటకు డిష్షునుండి పెట్టెవఱకు సాధారణముగా రెండు కేబుళ్లు రావలెను. డిష్షు ముందు బిగించు "ఎల్ఎన్‌బీ" యనునదియు రెండు మార్గములు గలదై యుండవలెను. కొన్ని కొత్త యేర్పాటులలో నొక కేబులే చాలును. పెట్టె బిగించుటకు వచ్చినవాడు తొందరలో ఒక్క కేబులే తగిలించి, "పనిచేయుచున్నదమ్మా" యని చూపి వెళ్లినచో, మీరు రెండింటికి సొమ్ము పెట్టి యొకదానినే పొందినవా రగుదురు. అద్దె యిండ్లవారు గోడకు రెండవ రంధ్రము వేయించుటకు ఇంటి యజమాని సమ్మతిని ముందుగనే పొందుట మంచిది.

డిస్కు లెక్కకు గణితము పెద్దగా రానక్కఱలేదు. హెచ్‌డీ చానలు సెకనుకు ఎనిమిది మెగాబిట్ల చొప్పున వచ్చుచున్నదనుకొన్నచో, గంటకు మూడున్నర జీబీలకు పైగా నగును. 500 జీబీల డిస్కులో కొంత భాగము పెట్టె తన పనులకు వాడుకొనగా మిగిలినదానిలో సుమారు 120 గంటలు పట్టును. మామూలు చానళ్లవి అంతకు రెట్టింపు పట్టవచ్చును. వారమున కైదు దినములు, దినమునకు రెండు అరగంటల ధారావాహికలు చూచు ఇంటికి వారమునకు 18 జీబీలు చాలును. కావున నేడు పట్టి రేపు చూచువారికి 500 జీబీలు పెద్ద ధాన్యపుకొట్టువంటివి; అంతకంటె పెద్దదానికై హెచ్చు సొమ్ము పెట్టనక్కఱలేదు. ప్రకటనలు గంటకు పండ్రెండు నిమిషములకు మించరాదని కేబులు టెలివిజను నిబంధనలలో నున్నది. అవి ఆ హద్దులోనే యున్నను, రికార్డు చేసి ప్రకటనలను దాటించి చూచు గృహిణికి దినమునకు పండ్రెండు నిమిషములు మిగులును. ఆ మిగిలినదానిని కూడ వంటయింటికే యీయవలదని నా మనవి.

ఇక దాచుకొనుటను గుఱించి. మా వీధిలో నొక పెద్దమ్మగారు కలరు. ఆమె భర్తగారు వ్యవసాయదారులు. దేశవాళీ వరివిత్తనములను గుఱించి ఒక చానలువారు ఆయన పొలమునకు వచ్చి, ఇరువది నిమిషముల కార్యక్రమము తీసి ప్రసారము చేసిరి. కుమారుడు దానిని డిష్షు పెట్టెలో రికార్డు చేసెను. రెండేండ్లకు ఆయన కాలము చేసిరి. ఆ పిమ్మట ఆయన తిథినాడు, భోక్తలు భోజనము చేసి వెళ్లినపిదప, పెద్దమ్మగారు ఆ కార్యక్రమమును పెట్టించుకొని చూచుట వాడుకయైనది. ఒక యేడు వేసవిలో పెట్టె చెడిపోయెను. కంపెనీ మనిషి వచ్చి, మర్యాదగనే, పాతదానిని తీసికొనిపోయి కొత్తదానిని బిగించెను. పైస పుచ్చుకొనలేదు. అతడు వెళ్లిన తరువాత పెద్దమ్మగారు కొడుకు నడిగిరి: "అందులో నాన్నగారి మాట లున్నవి గదరా, ఇందులోనికి వచ్చునా?"

రాలేదు. రావు కూడను. డిష్షు కంపెనీల పెట్టెలు ప్రసారమును రహస్యలిపిలో దాచును. దానిని తెఱచు తాళపుచెవి ఆ పెట్టెలోనే యుండును. డిస్కును ఊడదీసి కంప్యూటరుకు తగిలించినను బొమ్మ రాదు. అదే కంపెనీవారి మఱియొక పెట్టెకు తగిలించినను సాధారణముగా రాదు. చందా కట్టుట మానినచో పాత రికార్డింగులుకూడ తెఱచుకొనని పెట్టెలు కలవు. పైగా పెక్కు చోట్ల ఆ పెట్టె వాడుకకు ఇచ్చినదే కాని మనకు అమ్మినది కాదు. కుమారుడు చానలువారికి వ్రాసెను. వారివద్ద ఆ ప్రతి లేదని జవాబు వచ్చెను. తుదకు పెద్దమ్మగారికి మిగిలినది, మనుమడొకనాడు ఆటకై సెల్‌ఫోనుతో టెలివిజను తెఱను తీసిన ఒకటిన్నర నిమిషము మాత్రమే. అందులో సగము పైనున్న ఫాను చప్పుడు.

కావున మీ వారెవరైనను టెలివిజనులో కనబడినచో, అమ్మాయి నాట్యమో, అన్నగారి ప్రసంగమో యేదైనను, డిష్షు పెట్టెను నమ్మి యూరకుండకుడు. ఆ సాయంకాలమే ప్రతి తీయుడు. పెట్టె వెనుక పసుపు, ఎఱుపు, తెలుపు రంగుల తీగలు తగిలించు రంధ్రము లున్నచో, వానినుండి కంప్యూటరులోనికి పట్టు చిన్న పరికరములు ఎలక్ట్రానిక్సు దుకాణములలో దొరకును. బొమ్మ కొంచెము మసకబారును, కాని నిలుచును. హెచ్‌డీఎమ్ఐ యను ఒక్క తీగ మార్గమే యున్న పెట్టెలు ప్రతి తీయుటను అడ్డగించును. అప్పుడు సెల్‌ఫోనును కదలకుండ నిలబెట్టి, గదిలో దీపములార్పి, ఫాను ఆపి తెఱను చిత్రీకరించుటయే గతి. తీసిన ప్రతిని రెండు చోట్ల దాచుడు. చానలువారిని ప్రతి యడుగదలచినచో ఆ వారముననే యడుగుడు.

ఉచితముగా వచ్చు దూరదర్శనువారి డిష్షు విషయము వేఱు. 2004 డిసెంబరులో ప్రారంభమై నేడు డీడీ ఫ్రీ డిష్ అను పేరున నడచుచున్న దానికి నెలచందా లేదు. దానికి వాడు పెట్టెలలో పెక్కింటికి పెన్‌డ్రైవు తగిలించు చోటుండును. అందులో పట్టినది చాలవఱకు కంప్యూటరులో తెఱచుకొనును. ట్యూనరు ఒక్కటే యుండును. కార్యక్రమముల పట్టికయు అంత చక్కగా నుండదు. అయినను దాచుకొనదలచినవారికి ఈ చవుక పెట్టె ఆ ఖరీదైన పెట్టెలకంటె నమ్మకమైనదని నా యభిప్రాయము.

డిష్షు కంపెనీల పెట్టెలలో కొన్నిటికి లోపల డిస్కుండదు. మనమే బయట నొకటి తగిలింపవలెను. అట్టివానికి ఇంటిలోనున్న పాత డిస్కును తగిలింపకుడు. పెట్టె మొదట దానిని తన పద్ధతికి మార్చుకొనునపుడు అందలి వన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. పెండ్లి ఫోటోలున్న డిస్కును "ఖాళీగా పడియున్నది గదా" యని తగిలించువారుందురు. దీనికై కొత్తది కొని, దానిపై కాగిత మంటించి పేరు వ్రాయుడు.

కరెంటు, వాన యను రెండును మన ప్రాంతపు రికార్డరులకు శత్రువులు. పెట్టె పట్టవలసిన వేళకు కరెంటు పోయినచో ఆనాటి కథ పోయినట్లే. హఠాత్తుగా పోవుట డిస్కునకును మంచిది కాదు. ఇంటిలో ఇన్వర్టరున్నచో పెట్టెను దానికి కలిపించుడు. అది లాగు విద్యుత్తు కొంచెమే. ఇరువది వాట్ల పెట్టెను రాత్రింబవళ్లు తెఱచి యుంచినచో నెలకు పదునాలుగు యూనిట్లకు పైగా నగును. ఇది గృహఖర్చులో వ్రాసికొనదగినదే. రికార్డు చేయు వేళకు తనంతట లేచి, తరువాత నిద్రించు పెట్టెలు మేలు. ఇక వాన. డిష్షు ప్రసారములు వచ్చు తరంగములు పెద్ద వానకు తట్టుకొనలేవు; శ్రావణ భాద్రపదములలో జోరువాన కురిసిన సాయంకాలము పెట్టెలో శూన్యమే రికార్డగును. దీనికి మందు లేదు. మఱునాడు పునఃప్రసార మున్నచో దానిని పట్టుటయే.

పెట్టె కార్యక్రమమును గుర్తించునది చానలువా రిచ్చు పట్టికనుబట్టి. చానలువారు తమ పట్టికను తామే పాటింపరు. కావున రెండు నిమిషములు ముందు మొదలిడి పది నిమిషములు తరువాత ముగియునట్లు అమర్చుకొనవలెను. ఈ సౌకర్యము లేని పెట్టెను కొనకుడు. అయితే ఏడున్నర కథ ఎనిమిది పదివఱకును, వేఱు చానలులో ఎనిమిది గంటల కథ ఏడు గంటల ఏబది యెనిమిది నిమిషములనుండియు పట్టునపుడు, ఆ నడిమి వేళ రెండు ట్యూనరులును మీ పనిలోనే యుండును. మామగారి వార్తలకు చోటుండదు. మూడవ ట్యూనరు విలువ అప్పుడు తెలియును. డిస్కు నిండినపుడు పాతవానిని తనంతట తుడిచివేయు పెట్టెలును కలవు. తుడువరాదని గుర్తుపెట్టు మీట యేదో మొదటిదినమే తెలిసికొనుడు. మన వాండ్లు "నీవు చూచితివనుకొంటిని" యని తుడిచివేయుటకు మాత్రము మీట లేదు.

విదేశములలో కూతుళ్లున్న తల్లులు పురుళ్లకై వెళ్లి ఆఱేసి నెలలుండుచున్నారు. హైదరాబాదులో రాత్రి ఏడున్నర యైనపుడు న్యూజెర్సీలో శీతకాలమున ఉదయము తొమ్మిది, వేసవిలో పది. అది పసిబిడ్డ స్నానపు వేళ. అచ్చట తెలుగు చానళ్లు చాలవఱకు ఇంటర్నెట్టుద్వారా వచ్చును. జరిగిపోయిన కార్యక్రమములను వెనుకకు పోయి చూచు వీలు కొన్నిటి కుండును. ఏ చానలు ఎన్ని దినములవఱకు ఉంచునో చందా కట్టుటకు ముందే అడుగవలెను. ఆ దేశమున ఇంటి పెట్టెలు క్రమముగా మరుగుపడుచున్నవి. 1999లో ఈ మార్గమును త్రొక్కిన టీవోవారే 2025లో తమ రికార్డరుల నమ్ముట మానిరి. ఇప్పు డచ్చట రికార్డింగు కంపెనీవారి కంప్యూటరులలో నుండును. యూట్యూబ్ టీవీవారు ఎన్ని గంటలైనను దాచుదురు గాని, తొమ్మిది నెలలకు తీసివేయుదురు.

పెట్టె బిగించిన మొదటి వారముననే పరీక్షింపుడు. ఒకేవేళ రెండు చానళ్లు రికార్డు చేయించి మూడవది చూడ ప్రయత్నింపుడు. రికార్డింగు నడుమ గోడమీది మీటను ఆపి, రెండు నిమిషముల తరువాత వేసి, పెట్టె తనంతట లేచి పని నందుకొనునో లేదో చూడుడు. అరచేయి పైన ఉంచి వేడి చూడుడు. టెలివిజను క్రింది అరలో గుడ్డలు, పుస్తకములు, దేవుని పటము దానిపై పేర్చకుడు. అత్తగారిచేత రిమోటు పట్టించి నిన్నటి కథను తీయించుడు; ఆమెకు రానిచో ఆ పెట్టె మీ యింటికి పనికిరాదు, మార్చుకొనుటకు ఇదే సమయము. బిగించినవాని ఫోను నంబరును గోడ క్యాలెండరుపై వ్రాసి యుంచుడు.